ఎండాకాలంలో కోళ్ల దాణాకు ఉసిరి, తులసి పొడి

ఎండ 35 డిగ్రీలు దాటితే కోళ్లు నోరు తెరిచి రొప్పుతాయి, మేత తగ్గిస్తాయి. ఒంట్లో తయారయ్యే సి విటమిన్ అప్పుడు చాలదు. ఆ లోటుకు ఉసిరి బాగా పనికొస్తుంది. అది చలికాలం కాయ కాబట్టి ముందే సిద్ధం చేసుకోవాలి.

గింజ తీసిన ఉసిరి ముక్కలు, తులసి ఆకులు నీడలోనే ఆరబెట్టాలి. ముక్క వంగకుండా పెళుక్కున విరగాలి. తేమ మిగిలితే బూజు పడుతుంది, ఆ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వాసన మారిన పొడి పారేయండి.

100 కిలోల దాణాకు ఉసిరి పొడి 500 గ్రాములు, తులసి పొడి 250 గ్రాములు చాలు. ముందు 5 కిలోల దాణాలో కలిపి, తర్వాత మిగతాదాంట్లో కలపండి. నేరుగా గుమ్మరిస్తే ఒకచోటే ఉండిపోతుంది.

మేత తెల్లవారుజామున, సాయంత్రం వేయండి. మధ్యాహ్నం మేత అరిగేటప్పుడు పుట్టే వేడి కోడి ప్రాణం మీదికి తెస్తుంది. చల్లటి నీళ్లు, గాలి లేకపోతే ఏ పొడీ కాపాడలేదు.