బురదలో, ఇసుకలో ట్రాక్షన్ కంట్రోల్ ఇబ్బంది పెడితే ఏం చూడాలి, ఏం చేయాలి

బండి బురదలో దిగబడింది. యాక్సిలరేటర్ నేలకి తొక్కినా ఇంజిన్ సౌండ్ పెరగట్లేదు, బండి మూలుగుతోంది తప్ప కదలట్లేదు, డ్యాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మ పసుపు రంగులో కనిపిస్తోంది. ఈ పరిస్థితిలో చాలామంది ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారకుండా చూసే సిస్టమ్) పోయిందని తేల్చేసుకుని టెన్షన్ పడతారు. నేను చూసినంతలో ఎక్కువసార్లు అది పాడవలేదు. తారురోడ్డు మీద మనల్ని కాపాడటానికి చేసే పనినే బురదలోనూ చేస్తోంది, అక్కడ అది మనకి పనికిరావట్లేదు, అంతే. కాబట్టి మొదట తెలుసుకోవాల్సింది ఇది నిజంగా ఫాల్టా, లేక సిస్టమ్ తన పని తాను చేసుకుంటోందా అని.

దానికి లైట్ చూస్తే చాలు. పసుపు బొమ్మ టకటకా ఆరి వెలుగుతుంటే సిస్టమ్ పని చేస్తోంది, ఏదో ఒక చక్రం జారుతోందని పట్టుకుంది. ఆరకుండా అలాగే వెలుగుతుంటే, పక్కన ఆఫ్ అన్న అక్షరాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే మీరో, పక్క సీటులో ఉన్నవాళ్లో బటన్ నొక్కారు, లేదా ఫోర్ లో (నాలుగు చక్రాలకీ పవర్ ఇచ్చే, నెమ్మదిగా బలంగా లాగే గేరు) వేయగానే బండే దాన్ని ఆపేసింది. చాలా బండ్లలో ఫోర్ లో వేస్తే ఈఎస్‌పీ (బండి అదుపు తప్పకుండా చూసే సిస్టమ్) దానంతట అదే ఆగిపోతుంది, అది ఫాల్ట్ కాదు. జారే చక్రానికి బ్రేక్ వేసే పని మాత్రం చాలావాటిలో అప్పుడూ సాగుతూనే ఉంటుంది. ఆఫ్ అని లేకుండా, దాంతోపాటు ఏబీఎస్ (బ్రేక్ తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లైట్ కూడా ఆరకుండా వెలుగుతుంటే మాత్రం ఎక్కడో నిజంగా సమస్య ఉంది. దాని సంగతి కింద చెప్తాను.

ముందు ఈ సిస్టమ్ ఏం చేస్తుందో అర్థం చేసుకోవాలి, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే నిలబడి ఉంది. మామూలు డిఫరెన్షియల్‌తో (ఇంజిన్ పవర్‌ని కుడి, ఎడమ చక్రాలకి పంచే గేర్ల పెట్టెతో) ఉన్న చిక్కేంటంటే, ఒక చక్రం గాల్లో లేచినా, జారుడు బురదలో పడినా ఆ చక్రమే గిర్రున తిరుగుతుంది, గట్టి నేల మీదున్న రెండో చక్రం కదలదు. ప్రతి చక్రం దగ్గర ఒక స్పీడ్ సెన్సర్ ఉంటుంది, ఏబీఎస్ వాడుకునేది కూడా దాన్నే. ఒక చక్రం మిగతావాటి కంటే వేగంగా తిరుగుతోందని తెలియగానే కంప్యూటర్ రెండు పనులు చేస్తుంది. ఒకటి, ఇంజిన్ పవర్ తగ్గించేస్తుంది. రెండు, తిరుగుతున్న చక్రానికి మాత్రమే బ్రేక్ వేస్తుంది, దాంతో పవర్ అవతలి చక్రానికి వెళ్తుంది. ఆఫ్‌రోడ్‌లో రెండోది మనకి దోస్తు. మొదటిది చాలాచోట్ల శత్రువు. ఎక్కడ ఏది కావాలో తెలిస్తే బటన్ ఎప్పుడు నొక్కాలో ఇంకెవరినీ అడగక్కర్లేదు.

ఇసుకతో మొదలుపెడదాం. గోదావరి ఇసుక తిన్నెల మీద గానీ, ఏ ఎండిపోయిన వాగులో గానీ బండిని నడిపించేది ఊపు. ఇసుకలో నాలుగు చక్రాలూ ఎంతో కొంత జారుతూనే ఉంటాయి, కంప్యూటర్ దాన్ని చూసి పవర్ కోసేస్తుంది, ఊపు పోతుంది, బండి కూర్చుంటుంది. అందుకే ఇసుకలోకి దిగే ముందే ట్రాక్షన్ కంట్రోల్ ఆపేయాలి, దిగబడ్డాక కాదు. శాండ్ మోడ్ ఉన్న బండి అయితే ఆ మోడ్ పెట్టండి, కంప్యూటర్ చక్రాల్ని కాస్త ఎక్కువ తిరగనిస్తుంది. ఇక్కడ ఒక విషయం చాలామంది మిస్సవుతారు: బటన్‌ని ఒక్కసారి తట్టి వదిలేస్తే కొన్ని బండ్లలో సగమే ఆగుతుంది. పూర్తిగా ఆగాలంటే బండి నిలబడి ఉండగా నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే అది మళ్లీ ఆన్ అయిపోతుంది కూడా. ఆఫ్ చేశాను కదా అయినా పవర్ రావట్లేదు అనేవాళ్ల సమస్య ఎక్కువగా ఇదే.

బటన్ కంటే ముందు టైర్లలో గాలి చూసుకోండి. రోడ్డు మీద 32 నుంచి 35 పీఎస్ఐ ఉండే టైర్‌ని ఇసుకకి 18 దాకా దించితే టైర్ నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది, సగం సమస్య అక్కడే తీరిపోతుంది. 15 కంటే కిందికి వెళ్లొద్దు, మలుపులో టైర్ రిమ్ నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. గాలి తగ్గించాక స్పీడు పెంచకండి, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పకండి. సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టుకునే చిన్న కంప్రెసర్ బండిలో లేకపోతే గాలి దించకపోవడమే మంచిది. అన్నట్టు, సముద్రపు ఒడ్డు ఇసుకలోకి మాత్రం బండి దించకండి. మన కోస్తాలో చలికాలం చివరి నుంచి వేసవి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆ ఇసుకలోనే గుడ్లు పెడతాయి, చక్రం కింద ఏముందో మనకి కనపడదు. పైగా ఉప్పునీరు సెన్సర్ కనెక్టర్లని తినేస్తుంది.

బురదలో నల్లరేగడి వేరే లోకం. ఆదిలాబాద్, కర్నూలు, ప్రకాశం వైపు వాన పడిన మర్నాడు పొలం దారిలో వెళ్లినవాళ్లకి తెలుసు, ఆ మట్టి జారడమే కాదు, అంటుకుంటుంది. పది చుట్లు తిరిగేసరికి టైర్ గాడులన్నీ నిండిపోయి టైర్ నున్నటి బండరాయిలా తయారవుతుంది. ఇక్కడ ట్రాక్షన్ కంట్రోల్ ఆన్‌లో ఉంటే పవర్ కోస్తుంది, చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, మట్టి అలాగే అంటుకుని ఉంటుంది. ఆఫ్ చేసి సెకండ్ గేర్‌లో చక్రాన్ని కాస్త వేగంగా తిరగనిస్తేనే గాడుల్లోంచి మట్టి ఎగిరిపోయి టైర్‌కి మళ్లీ పట్టు దొరుకుతుంది. కానీ బండి ముందుకి కదులుతున్నంతసేపే అలా తొక్కాలి. ఆగిపోయాక తొక్కితే గొయ్యి తవ్వుకున్నట్టే. ఉట్నూరు దగ్గర ఒక పత్తి చేను దారిలో నేను దిగబడినప్పుడు పక్క పొలంలోంచి ఒక పెద్దాయన కేకేసిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "రేసు ఇయ్యకు బిడ్డా, ఇంకింత దిగబడ్తది." ఆయన చెప్పినట్టే కాలు తీసేసి దిగి చూస్తే, యాక్సిల్ నేలకి తగలడానికి నాలుగు వేళ్ల ఎత్తు మిగిలి ఉంది. ఇంకో పది సెకన్లు తొక్కి ఉంటే ట్రాక్టర్ రావాల్సిందే.

రాళ్ల దారి దీనికి పూర్తిగా తిరగేసి. మారేడుమిల్లి అడవి దారుల్లాంటి చోట ఒక ముందు చక్రం, దానికి ఎదురు మూల వెనక చక్రం ఒకేసారి గాల్లోకి లేస్తాయి. అక్కడ ట్రాక్షన్ కంట్రోల్ ఆఫ్ చేయకండి. గాల్లో ఉన్న చక్రాలకి బ్రేక్ వేసి నేల మీదున్న వాటికి పవర్ పంపేది అదే. ఈ పని జరగాలంటే దానికి టైమ్ ఇవ్వాలి. చక్రం తిరగడం మొదలవగానే మనం భయపడి కాలు తీసేస్తాం, కాలు తీయగానే సిస్టమ్ కూడా వదిలేస్తుంది, మళ్లీ తొక్కుతాం, మళ్లీ మొదటికొస్తుంది. ఇదే డ్రైవింగ్ తప్పు, బండి తప్పు కాదు. ఫోర్ లో, ఫస్ట్ గేర్ వేసి, 1500 నుంచి 2000 ఆర్‌పీఎం మధ్య కాలు కదలకుండా రెండు మూడు సెకన్లు పట్టి ఉంచండి. కింద నుంచి గర్ గర్ అని, టక టక అని చప్పుడు వస్తుంది, పెడల్ కూడా కొద్దిగా వణకొచ్చు. ఏదో విరిగిందని ఆపేయకండి, బ్రేకులు పట్టి వదులుతున్న చప్పుడు అది. మారుతీ జిమ్నీలో లాకర్ (కుడి, ఎడమ చక్రాల్ని కలిపి ఒకే వేగంతో తిప్పే ఏర్పాటు) లేదు, అది కొండలెక్కేది ఈ బ్రేక్ పద్ధతితోనే. మహీంద్రా థార్‌లో వెనక మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఉన్న వేరియంట్లకి ఇంకో మెలిక ఉంది: కుడి, ఎడమ చక్రాల మధ్య దాదాపు 100 ఆర్‌పీఎం తేడా వస్తేనే అది లాక్ అవుతుంది. బ్రేకులు ముందే ఆ చక్రాన్ని పట్టేస్తే ఆ తేడా రాకపోవచ్చు, లాక్ పడకపోవచ్చు. అందుకే ఆ బండిలో మొదట ఆన్ పెట్టి ప్రయత్నించండి, కదలకపోతే ఆఫ్ చేసి కాలు కొంచెం పెంచి చూడండి, లాక్ పడటం వెనక నుంచి తెలుస్తుంది.

రాళ్లలో అరగంట ఇలా కష్టపెట్టాక ఉన్నట్టుండి లైట్ వెలిగి సిస్టమ్ సాయం మానేస్తే కంగారు పడకండి. బ్రేకులు వేడెక్కాయి. అవి కాలిపోకుండా కంప్యూటరే ఆ పని ఆపేస్తుంది. నీడలో పదిహేను, ఇరవై నిమిషాలు ఆపండి, వేడి డిస్క్ మీద నీళ్లు మాత్రం పోయకండి, వంగిపోతుంది. చల్లారాక ఇంజిన్ ఆపి స్టార్ట్ చేస్తే చాలావరకు మామూలైపోతుంది.

ఇక నిజమైన ఫాల్ట్. ఏబీఎస్, ట్రాక్షన్ లైట్లు రెండూ కలిసి వెలిగి, బండి ఆపి స్టార్ట్ చేసినా పోకపోతే నా అనుమానం మొదట చక్రం దగ్గర సెన్సర్ మీదికే వెళ్తుంది. పైన చెప్పిన ఉట్నూరు దారిలోనే, బయటపడ్డాక నాకు రెండు లైట్లూ వెలిగాయి. ఊళ్లో ఒక వర్క్‌షాప్‌లో ఏబీఎస్ మాడ్యూల్ మొత్తం మార్చాలన్నారు. ధర విని గుండె జారింది, ఒక రోజు ఆగుదామని వచ్చేశా. మర్నాడు పొద్దున్నే తెలిసినవాళ్ల బోరు దగ్గర బండి పెట్టి, ఒక్కో చక్రం లోపలి వైపు చెంబుతో నీళ్లు పోస్తూ చేత్తో మట్టి తీశాను. నల్లమట్టి ఎండి ఇటుకలా గట్టిపడింది, గోరు దిగట్లేదు, నానబెట్టి నానబెట్టి తీయాల్సి వచ్చింది. ఎడమ వెనక చక్రం దగ్గర ఆ మట్టిలో జానెడు పత్తి కట్టె ఇరుక్కుని ఉంది. అది సెన్సర్ వైర్‌ని పట్టి లాగేసింది, క్లిప్ ఊడి కనెక్టర్ సగం బయటికొచ్చి వేలాడుతోంది. తుడిచి, ఆరబెట్టి, టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కి, వైర్‌ని కేబుల్ టైతో కట్టాను. రెండు వందల మీటర్లు నడిపేసరికి లైట్లు ఆరిపోయాయి. అందుకే అంటున్నా, ఎవరు ఏ పెద్ద పార్టు పేరు చెప్పినా, ముందు నాలుగు చక్రాల లోపలి వైపు కడిగి మీ కళ్లతో మీరు చూడండి.

కడిగేటప్పుడు ప్రెషర్ వాటర్‌ని నేరుగా కనెక్టర్ మీదికి కొట్టకండి. పాత బండ్లలో సెన్సర్ ఎదురుగా పళ్ల చక్రం ఉంటుంది, పళ్ల మధ్య గులకరాయి గానీ మట్టి గానీ ఉంటే తీసేయండి, పన్ను విరిగి ఉంటే అది మార్చాల్సిందే. కొత్తవాటిలో చాలావరకు ఆ రింగ్ బేరింగ్‌లోనే ఉంటుంది, పైకి కనపడదు. చక్రాన్ని జాకీ మీద లేపి పైన కింద పట్టుకుని ఊపితే ఆట కనిపించిందంటే బేరింగ్ పోయి ఉండొచ్చు, సెన్సర్ తప్పుడు లెక్క చెప్పడానికి అదీ కారణమవుతుంది.

కంటికి ఏమీ కనపడకపోతే స్కానర్ పెట్టించండి. మార్కెట్లో దొరికే చవక ఓబీడీ డాంగిల్ (బండికి తగిలించి ఫాల్ట్ కోడ్లు చూసుకునే చిన్న పరికరం) చాలాసార్లు ఇంజిన్ కోడ్లు మాత్రమే చదువుతుంది, ఏబీఎస్ కోడ్లు చదవగలదో లేదో కొనే ముందే కనుక్కోండి. సీ0035 వస్తే ఎడమ ముందు చక్రం సెన్సర్ సర్క్యూట్, సీ0040 కుడి ముందు, సీ0045 ఎడమ వెనక, సీ0050 కుడి వెనక. కొన్ని కంపెనీలు వాళ్ల సొంత కోడ్లు వాడతాయి. కోడ్ చూడగానే సెన్సర్ కొనేయకండి, సర్క్యూట్ అంటే వైరు, కనెక్టర్ కూడా అందులోకే వస్తాయి.

సెన్సర్లు బాగుండీ లైట్ వెలుగుతుంటే చిన్న చిన్న కారణాలు ఉంటాయి. ఒక టైర్ కొత్తది, మూడు అరిగినవి అయితే, లేదా స్టెప్నీ సైజు వేరే అయితే ఆ చక్రం వేగం తేడాగా కనిపిస్తుంది. వీల్ అలైన్‌మెంట్ చేయించాక మొదలైతే, స్టీరింగ్ ఎంత తిరిగిందో చెప్పే స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ని మళ్లీ సున్నాకి సెట్ చేయాలి, చేసినచోటే అడగండి. బ్యాటరీ వీక్ అయినా వెలుగుతుంది. బ్రేక్ తొక్కినప్పుడు వెనక లైట్లు వెలగకపోతే పెడల్ దగ్గరి స్విచ్ పోయి ఉండొచ్చు, అది చవకైన పార్టే. బ్రేక్ ఆయిల్ తక్కువగా ఉందేమో కూడా చూడండి.

అడవిలో ఉండగా లైట్ వెలిగితే ఇంటికి రావొచ్చా అని అడుగుతారు. పసుపు లైట్లయితే, పెడల్ గట్టిగా ఉంటే మామూలు బ్రేకులు పని చేస్తాయి, నెమ్మదిగా రండి, ఏబీఎస్ ఉండదని గుర్తుపెట్టుకుని ముందు బండికి దూరం పెట్టండి. ఎర్రటి బ్రేక్ లైట్ కూడా వెలిగినా, పెడల్ మెత్తగా దిగిపోతున్నా అక్కడే ఆపేయండి. ఘాట్ అస్సలు దిగొద్దు.

దిగబడి బయటికి లాగించుకోవాల్సి వస్తే ముందు చక్రాల ముందూ వెనకా, బండి పొట్ట కింద మట్టి తవ్వండి. పార ఒకటి బండిలో ఎప్పుడూ ఉండాలి. ట్రాక్టర్ గొలుసు బంపర్‌కి కట్టనివ్వకండి, ఛాసిస్‌కి ఉన్న టో హుక్‌కే కట్టాలి. లాగేటప్పుడు పిల్లలు చూడటానికి మూగుతారు, వాళ్లని గొలుసు పొడుగుకి రెండింతల దూరం పంపేదాకా లాగనివ్వకండి. గొలుసు తెగితే మనిషి ప్రాణం పోతుంది.

తారురోడ్డు ఎక్కగానే ఆగి టైర్లలో గాలి నింపండి, ఫోర్ వీల్ నుంచి టూ వీల్‌కి మార్చండి, ట్రాక్షన్ కంట్రోల్ బటన్ మళ్లీ నొక్కి ఆఫ్ లైట్ ఆరిందో లేదో చూడండి. వాన రోడ్డు మీద అది లేకుండా హైవే స్పీడులో వెళ్లడం ప్రమాదం. తర్వాత ఖాళీ చోట నెమ్మదిగా వెళ్తూ రెండు మూడుసార్లు బ్రేక్ తొక్కండి, డిస్కుల మీద మట్టి పోతుంది. ఇంటికి రాగానే, మట్టి ఎండకముందే, చక్రాల లోపలి వైపు కడిగేయండి.