ఆగ్నేయ ఆస్ట్రేలియాలో వానలు ఎలా ఉంటాయో ముందే అంచనా వేయడం ఎలా?

ఎల్ నినో, అంటే పసిఫిక్ నడిమి నీళ్లు మామూలు కన్నా వేడెక్కడం, వచ్చిందన్న వార్త రాగానే మెల్‌బోర్న్‌లో ఉన్న మనవాళ్లు కూడా "అయితే ఈ ఏడు ఇక్కడ వానలు లేనట్టేనా?" అని అడుగుతుంటారు. ఆ ఒక్క మాట పట్టుకుంటే లెక్క తప్పుతుంది. నన్నడిగితే ఆగ్నేయ ఆస్ట్రేలియాకు పసిఫిక్ ఎంత ముఖ్యమో హిందూ మహాసముద్రమూ అంతే ముఖ్యం. ఏది ముందు, ఏది తర్వాత చూడాలో ఇదీ వరుస.

1. ముందు క్యాలెండర్ చూడండి. విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్‌లలో గోధుమ ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో విత్తుతారు, నవంబరు, డిసెంబరుల్లో కోస్తారు. ఆ పంటకు జూన్ నుంచి అక్టోబరు దాకా పడే వానే ప్రాణం. ఉష్ణమండల సముద్రాల ప్రభావమూ అప్పుడే బలంగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లలో వచ్చే ఎల్ నినో అంచనాలను మాత్రం అంతగా నమ్మకండి. పసిఫిక్ దశ మారేది ఆ రోజుల్లోనే.

2. పసిఫిక్ వేడి చూడండి. 'నినో 3.4' అంటే భూమధ్యరేఖకు అటూ ఇటూ 5 డిగ్రీలు, పశ్చిమ రేఖాంశం 170 నుంచి 120 దాకా ఉన్న సముద్ర భాగం. అక్కడి నీళ్లు మామూలు కన్నా వేడెక్కి అలాగే నిలిస్తే మేఘాలు పసిఫిక్ నడిమికి జరిగిపోతాయి. ఇండోనేషియా, ఉత్తర ఆస్ట్రేలియాల మీద గాలి కిందికి దిగి ఆకాశం పొడిబారుతుంది. దానితోపాటు పసిఫిక్ దీవి తాహితీకీ, ఉత్తర ఆస్ట్రేలియాలోని డార్విన్‌కూ మధ్య ఊగిసలాడే వాయుపీడన తేడా కూడా చూడాలి. ఈ ఊగిసలాటను వెలికితీసిన గిల్బర్ట్ వాకర్ 1904 నుంచి 1924 దాకా భారత వాతావరణ శాఖకు అధిపతి. మన ఋతుపవనాలు ఎందుకు ముఖం చాటేస్తున్నాయో వెతుకుతూనే ఆయన ఇక్కడికి చేరారు.

3. హిందూ మహాసముద్రం దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఆఫ్రికా వైపు నీటికి, సుమత్రా వైపు నీటికి ఉన్న ఉష్ణోగ్రత తేడానే ఇండియన్ ఓషన్ డైపోల్ అంటారు. సాజీ, గోస్వామి, వినయచంద్రన్, యమగాటా 1999లో దీన్ని వివరించారు. పడమర వేడెక్కి, తేడా 0.4 డిగ్రీలు దాటి వారాల తరబడి నిలిస్తే అది పాజిటివ్ దశ. సుమత్రా పక్కన నీళ్లు చల్లబడితే అక్కడ మేఘం లేవదు. వాయవ్యం నుంచి ఆస్ట్రేలియా ఖండం మీదుగా ఏటవాలుగా సాగి విక్టోరియా దాకా తేమ మోసుకొచ్చే మేఘాల పట్టీలు తగ్గిపోతాయి. పైగా ఉష్ణమండలంలో మేఘాలు లేచేచోటు మారితే పై గాలుల్లో పుట్టే పెద్ద అలలు దక్షిణానికి సాగి, ఆస్ట్రేలియాకు దక్షిణాన అధిక పీడనాన్ని నిలబెడతాయి.

2019 చూడండి. పసిఫిక్‌లో ఎల్ నినో లేదు, కానీ డైపోల్ చాలా బలమైన పాజిటివ్. ఆగ్నేయ ఆస్ట్రేలియా ఎండిపోయి అడవులు తగలబడ్డాయి. అదే ఏడాది మన దేశంలో నైరుతి ఋతుపవనాల వాన సగటులో 110 శాతం. ఒకే సముద్రం మనకు వాననిచ్చి వాళ్లను ఎండబెట్టింది.

4. అంటార్కిటికా గాలులు మరవకండి. ఆ ఖండాన్ని చుట్టే పడమటి గాలులు వసంతంలో (అక్కడ సెప్టెంబరు–నవంబరు) ఉత్తరానికి జరిగితే న్యూ సౌత్ వేల్స్‌కు పొడి వేడిగాలి తగులుతుంది. 2019 సెప్టెంబరులో దక్షిణ ధ్రువం పైన స్ట్రాటోస్ఫియర్ (వాతావరణంలో బాగా ఎత్తున ఉండే పొర) హఠాత్తుగా వేడెక్కాక జరిగిందీ ఇదే. డైపోల్ అప్పటికే ఎండగట్టిన నేల మీద ఈ గాలి వీచింది.

5. అంచనాకు గడువు పెట్టండి. 2023లో ఎల్ నినో, పాజిటివ్ డైపోల్ రెండూ కలిశాయి. ఆగస్టు–అక్టోబరు, ఆస్ట్రేలియా రికార్డుల్లోనే అతి పొడి మూడు నెలలు. కానీ వేసవిలో (అక్కడ డిసెంబరు–ఫిబ్రవరి) సగటు కన్నా ఎక్కువ వాన కురిసింది. డిసెంబరుకల్లా ఋతుపవన ద్రోణి (వానలు తెచ్చే అల్పపీడన పట్టీ) దక్షిణానికి దిగగానే డైపోల్ సడలిపోతుంది. కాబట్టి అక్టోబరు నాటి డైపోల్ అంకెతో జనవరి వానను లెక్కకట్టకండి. నవంబరు చివర్లో పసిఫిక్ వేడిని, అంటార్కిటికా గాలులను మళ్లీ చూసి వేసవికి వేరే అంచనా రాసుకోండి.