ఎంఓయూ ఫొటో కన్నా ముందు చెరువు గట్టు

భీమవరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో 14 ఏళ్లుగా ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతున్నాను. ఏటా ఫైనలియర్ పిల్లలు రెండు మూడు జట్లు నా గదికి వచ్చి ఒకటే అడుగుతారు: "మేడమ్, మా ప్రాజెక్టుకి ఏదైనా కంపెనీతో టైఅప్ చేయించరా?" వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ఇందులో చాలా భాగం రొయ్యల చెరువుల కోసం మేం తయారుచేసిన ఆక్సిజన్ సెన్సర్ దగ్గర నేర్చుకున్నది.

కంపెనీకి మెయిల్ పెట్టే ముందు ఒక రాత్రి చెరువు గట్టున ఉండండి. మీది వేరే రంగమైతే ఫ్యాక్టరీ షెడ్డులోనో, ఆస్పత్రి వార్డులోనో ఉండండి. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయితే అదే నాచు రొయ్యలతో పాటు ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి జారితే రైతుకి టెన్షన్ మొదలవుతుంది. మా జట్టు ఆరు నెలల పాటు రీడింగ్ కచ్చితంగా రావడం మీదే పనిచేసింది. ఆ రాత్రి కాపలా ఉన్న పెద్దాయన మా మీటరు చేత్తో తిప్పి చూసి అన్నాడు: "బానే చూపిస్తాదిరా అబ్బాయిలూ. నాలుగో రోజుకి దీని మూతికి పాచి పట్టేస్తాది. కడిగేదెవరు?"

అక్కడితో మా సమస్యే మారిపోయింది. ఈ రకం సెన్సర్ కొసన కాంతికి మెరిసే పూత పూసిన చిన్న బిళ్ల ఉంటుంది. నీటిలో ఆక్సిజన్ పెరిగితే ఆ మెరుపు తగ్గుతుంది, ఆ తేడాతోనే కొలుస్తాం. బిళ్ల మీద పాచి కమ్మితే కొలత నమ్మడానికి లేదు. పాచిని పట్టనివ్వని పైపూత, దాన్ని తుడిచే చిన్న బ్రష్, ఈ రెండూ మా అసలు పరిశోధన అయ్యాయి. పూత పని మా కెమిస్ట్రీ విభాగం తీసుకుంది. చెరువు నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లు తయారుచేసే ఒక కంపెనీ మమ్మల్ని పిలిచింది కూడా పాచి గురించి రాసిన ఒక్క పేజీ చూసే. అప్పటికి ముందు పంపిన 22 స్లైడ్లకు ఎవరూ జవాబివ్వలేదు.

ఇక నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి. ఆ బ్రష్ అమరికను టెక్ ఫెస్ట్ పోస్టరులో బొమ్మతో సహా పెట్టాం. మూడు నెలల తర్వాత పేటెంట్ ఏజెంటు పోస్టరు తేదీ చూసి, ఆ అమరికను క్లెయిముల్లోంచి, అంటే మేం హక్కు కోరే అంశాల్లోంచి, తీసేయమన్నారు. దరఖాస్తుకు ముందే బయటపెట్టిన విషయానికి మామూలుగా పేటెంటు రాదు, మన చట్టం ఇచ్చే మినహాయింపు చాలా చిన్నది. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలు, శాస్త్ర సంఘాల ముందు చదివిన పత్రాలు వంటి కొన్నింటికే వర్తిస్తుంది, అదీ 12 నెలల్లోపు దరఖాస్తు చేస్తేనే. కాలేజీ ఫెస్టుకి ఆ అవకాశం లేదు. ఆ రోజు పిల్లల్ని నేను ఆపాల్సింది.

కాబట్టి పోస్టరు, వీడియో, వాట్సాప్ స్టేటస్, కంపెనీ మీటింగు, వీటన్నిటికన్నా ముందు ప్రొవిజనల్ స్పెసిఫికేషన్, అంటే పేటెంటుకి తొలి తాత్కాలిక వివరణ పత్రం, వేయండి. ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకు ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలు. మన రెండు రాష్ట్రాలూ చెన్నై పేటెంట్ కార్యాలయం కిందికి వస్తాయి. 12 నెలల్లో పూర్తి వివరణ ఉండే కంప్లీట్ స్పెసిఫికేషన్ వేయకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే. ప్రొవిజనల్‌లో రాయని విషయానికి ఆ తొలి దరఖాస్తు తేదీ దక్కదు. అందుకని రెండు పేజీలతో సరిపెట్టకుండా బొమ్మలు, కొలతలు, విఫలమైన ప్రయత్నాలతో సహా రాయండి.

ఎంఓయూ అంటే కలిసి పనిచేద్దామన్న మాట వరకే. పని సాగాలంటే విడిగా ప్రాజెక్టు ఒప్పందం కావాలి. అందులో కంపెనీ ఇచ్చే ఇంజనీరు ఎవరు, వారానికి ఎన్ని గంటలు, ఏ చెరువు, ఎన్ని రోజులు అని ఉండాలి. మీరు ముందే కనిపెట్టినదేదో, కలిసి కనిపెట్టేదేదో వేరువేరుగా రాసుకోవాలి. పేపరు ప్రచురించడానికి కంపెనీ ఎన్నాళ్లు ఆపమనవచ్చో కూడా తేల్చుకోవాలి. తమకు తప్ప ఇంకెవరికీ ఇవ్వకూడదనే ప్రత్యేక హక్కులు అడిగితే ఊరికే ఇవ్వకండి. ఒక కంపెనీ మా జట్టు దగ్గర అలా హక్కులు తీసుకుని ఏడాదిన్నర కదలకుండా కూర్చుంది, పిల్లలు వేరేవాళ్లతో మాట్లాడటానికీ లేకపోయింది. ఇప్పుడు నేను ఒక వాక్యం తప్పనిసరిగా రాయిస్తున్నాను: "అనుకున్న గడువులో మార్కెట్లోకి తేకపోతే హక్కులు తిరిగి విద్యార్థులకు, కాలేజీకి వస్తాయి."

కాలేజీతో కూడా రాతకోతలు ఉండాల్సిందే. కేంద్రం 2019లో తెచ్చిన నేషనల్ ఇన్నోవేషన్ అండ్ స్టార్టప్ పాలసీ ప్రకారం, కాలేజీ వసతులు వాడకుండా, సిలబస్‌లో భాగం కాకుండా విద్యార్థి చేసినది పూర్తిగా విద్యార్థిదే. స్టార్టప్ నిలదొక్కుకునేదాకా వసతులు, సేవలు ఇస్తే (దీన్నే ఇంక్యుబేషన్ అంటారు) కాలేజీ దాని కంపెనీలో 2 నుంచి 9.5 శాతం వాటా తీసుకోవచ్చు. మీ కాలేజీ ఈ పాలసీని ఆమోదించిందో లేదో అడిగి కాపీ తీసుకోండి. ల్యాబ్ నోట్‌బుక్‌లో ప్రతి పేజీకీ తేదీ, సంతకం ఉండాలి. రేపు వాటాల దగ్గర పేచీ వస్తే మాట్లాడేది ఆ నోట్‌బుక్కే.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. ప్రోటోటైపుకి కేంద్ర ప్రభుత్వ పథకం నిధి-ప్రయాస్ కింద 10 లక్షల దాకా వస్తుంది. 2021లో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ కింద ఇంక్యుబేటర్ ద్వారా 20 లక్షల దాకా గ్రాంటు ఇచ్చేవారు, కానీ దానికి కంపెనీ రిజిస్టరై ఉండాల్సి వచ్చేది.

కంపెనీని మాత్రం ముందు డబ్బు అడగకండి, వసతులు అడగండి. పరీక్షకు ఒక చెరువు, ఒక యంత్రం, ఒక అనుభవజ్ఞుడి శనివారం ఇవ్వడం వాళ్లకు తేలిక, మీకు అవే బంగారం. 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ రాకెట్ ఎగిరినప్పుడు దాన్ని తయారుచేసిన హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ వెనుక ఇస్రో వసతులు ఉన్నాయి. కొత్త కంపెనీ లాంచ్ ప్యాడ్ కట్టుకోలేదు కదా. మా సెన్సర్ డబ్బా నమూనాలు హైదరాబాద్ రాయదుర్గంలోని టీ-వర్క్స్‌లో చేయించుకున్నాం. పీసీబీ (సర్క్యూట్ బోర్డు) నుంచి 3డీ ప్రింటింగ్ దాకా అక్కడ ఒకే కప్పు కింద దొరుకుతాయి.

చివరిగా క్యాలెండర్. సెమిస్టర్ మన చేతిలో ఉండదు, పంట రైతు చేతిలో ఉంటుంది. వనామీ రకం రొయ్యల పంటకు మూడు నాలుగు నెలలు పడుతుంది. పరీక్షల తర్వాత మొదలుపెడదామనుకుంటే చెరువు ఎండబెట్టి ఉంటుంది. అందుకే ఈసారి మా జట్టు ప్రాజెక్టు ప్లానులో మొదటి తేదీ రైతు సీడ్ (రొయ్య పిల్లల్ని) చెరువులో వదిలే రోజు. ఆ ఉదయానికి సెన్సర్ నీళ్లలో ఉండాలి, అటెండెన్స్ సంగతి ప్రిన్సిపాల్ గారితో నేను మాట్లాడుకుంటాను.