ట్రెకింగ్ బ్యాగు పాఠాలు – 3: బరువు తుంటి మీదికి దించడం

పోయిన పాఠంలోని "బరువైనవి మధ్యలో" అన్న మాటను చాలామంది అపార్థం చేసుకున్నారు. ఎత్తులో మధ్య అని దాని అర్థం, లోతులో మధ్య కాదు. బియ్యం, స్టవ్వు, నీళ్లు బ్యాగు నడిమధ్య పెట్టి చుట్టూ బట్టలు కుక్కితే ఆ బరువు వీపుకు దూరంగా జరుగుతుంది. బ్యాగు వెనక్కి లాగుతుంది, మీరు ముందుకు వంగుతారు, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. అదే బరువు వీపుకు రెండింతల దూరంలో ఉంటే లాగుడు కూడా రెండింతలే.

కాబట్టి ఆ భాగం మళ్లీ చేద్దాం. రెండు రోజుల నడకకు 50 లీటర్ల బ్యాగు అనుకోండి. అడుగున స్లీపింగ్ బ్యాగు, రాత్రి వేసుకునే బట్టలు. వాటి మీద, వీపు పలకకు (బ్యాగులో మీ వీపుకు ఆనే వైపు) ఆనించి 2 లీటర్ల నీళ్లు (అంటే 2 కిలోలు), కిలో బియ్యం, అరకిలో పప్పు, గిన్నెలో దూర్చిన స్టవ్వు. ఈ దొంతర భుజపుటెముకల మధ్యకు రావాలి. స్టవ్వు మూల వీపుకు గుచ్చుకుంటే మధ్యలో తువ్వాలు ఒక్క మడత వేయండి, అంతకంటే వద్దు. టెంటు గుడ్డను సంచిలోంచి తీసి బయటి వైపు ఖాళీల్లో కూరండి. చుట్టగా ఉంచితే చోటు వృథా. కడ్డీలు పక్క జేబులో నిలువుగా. పైన రెయిన్‌కోటు, మందులు. చివర్లో పక్క పట్టీలు బిగించాలి, లేకపోతే నడకలో అంతా కిందికి జారుతుంది. బండలు ఎక్కే దారైతే ఈ బరువును నాలుగు వేళ్లు కిందికి దించండి, తూలడం తగ్గుతుంది.

ఇక హిప్ బెల్టు, అంటే బ్యాగు కింది భాగంలో తుంటి చుట్టూ కట్టుకునే మెత్త పట్టీ. భుజాలు నొప్పి పుట్టినవాళ్లలో ఎక్కువమంది దాన్ని ప్యాంటు బెల్టులా బొడ్డు దగ్గర కట్టుకుంటున్నారు. అక్కడ ఎముక లేదు. మెత్తని పొట్ట బరువు మోయదు, బెల్టు నొక్కేకొద్దీ ఊపిరి ఆడదు, దాంతో వదులు చేస్తారు, బరువంతా భుజాల మీద పడుతుంది. రెండు చేతులూ నడుము మీద వేసి కిందికి నొక్కండి. తగిలే గట్టి అంచే తుంటి ఎముక. బెల్టు మెత్త సగం ఆ అంచుకు పైన, సగం కింద ఉండాలి. అడుగున తోలు బెల్టు, తాళాల గుత్తి, ఫోను, చుడీదార్ నాడా ముడి ఏవీ ఉండకూడదు. గంట నడిస్తే అక్కడ చర్మం కమిలిపోతుంది.

వరస కూడా ముఖ్యం. ముందు అన్ని పట్టీలూ వదులు చేయండి. బ్యాగు తగిలించుకుని, కాస్త వంగి, భుజాలు పైకెత్తి హిప్ బెల్టు పెట్టి బిగించండి. తర్వాతే భుజం పట్టీలు, అవి ఒంటికి ఆనితే చాలు. ఆపైన భుజం మీది నుంచి బ్యాగు పైభాగానికి పోయే చిన్న పట్టీలు. చివరగా ఛాతీ పట్టీ. చాలామంది భుజం పట్టీలు ముందు లాగేస్తారు. అప్పుడు బెల్టు పొట్ట మీదికి ఎక్కుతుంది, పడిన కష్టమంతా వృథా. సరిచూసుకోవడం తేలికే: భుజం పట్టీ కింద రెండు వేళ్లు సులువుగా దూరాలి.

శేషాచలంలో తుంబురు తీర్థం లాంటి దారుల్లో వాగులో దిగి నడవాలి. నీళ్లలో దిగే ముందు హిప్ బెల్టు, ఛాతీ పట్టీ విప్పేయండి. కాలు జారితే బ్యాగు వదిలించుకోగలగాలి. వాన కవరు అక్కడ పనికిరాదు, నీళ్లు వీపు వైపు నుంచి వస్తాయి. లోపల మందపాటి పాలిథిన్ సంచి వేసి, మూతి మెలిపెట్టి కట్టండి.

అభ్యాసం: మీ ఒంటి బరువులో ఐదో వంతు, అంటే 60 కిలోల మనిషి 12 కిలోలు సర్దుకుని, ఐదంతస్తుల మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగండి. మోకాళ్లు బలహీనమైతే బరువుకు నీళ్ల సీసాలే వాడి, దిగే ముందు పారబోయండి. తర్వాత అద్దంలో చూసుకోండి. భుజాల మీద ఎర్రటి గీతలుంటే బెల్టు వదులుగా ఉంది, పొట్ట మీద ఉంటే పైకెక్కింది. ఆఖరున దీపాలార్పి, ఇంకేదీ బయటికి తీయకుండా రెయిన్‌కోటు ఒక్కటే తీయండి. అర నిమిషంలో రాకపోతే సర్దడం మొదటి నుంచి.