ఇంటీరియర్ పనికి అడ్వాన్స్ ఇచ్చేముందు

శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నవాళ్లు ఈపాటికి కొటేషన్లు తిరగేస్తుంటారు. డబ్బు చేతులు మారకముందే ఎవరి పని ఏదో తేల్చుకోండి.

గోడ జోలికి వెళ్లాలంటే ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి. "ఇది తీసేస్తే హాలు పెద్దదవుతుంది" అనడం డిజైనర్‌కి తేలికే. కానీ మైవాన్ షట్టరింగ్‌తో, అంటే అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి కట్టిన కొత్త టవర్లలో గోడలు చాలావరకు కాంక్రీటువే, పై అంతస్తుల బరువు వాటి మీదే ఉంటుంది. స్విచ్ బోర్డు కోసం గాడి కొట్టాలన్నా అడిగే కొట్టాలి.

కార్డు మీద ఆర్కిటెక్ట్ అని ఉంటే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. 1972 చట్టం ప్రకారం అది లేనివాళ్లు ఆ పేరు పెట్టుకోకూడదు. ఇంటీరియర్ డిజైనర్‌కి అలాంటి లైసెన్సేమీ అక్కర్లేదు. అందుకే ఫోటోలు కాదు, వాళ్లు చేసిన ఇల్లు చూడాలి. మొహమాటపడకుండా సొరుగులు లాగి చూడండి.

కర్టెన్లు, రంగులు, సోఫా వరకేనా? డెకరేటర్ చాలు. కరెంటు పాయింట్లు, ప్లంబింగ్ మారుతుంటే డిజైనర్ కావాలి.

డ్రాయింగుల ఫీజు, పని ఖర్చు విడివిడిగా రాయించుకోండి. "డిజైన్ ఫ్రీ" అంటే ఆ డబ్బు ఎక్కువగా ప్లైవుడ్ రేటులో కలిసిపోయినట్టే.

సింకు కింద వాడే ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర (నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ గుర్తు) ఉందో లేదో లామినేట్ అంటించకముందే చూడాలి. మేం అంటించాక అడిగాం. రెండో వానాకాలానికి తలుపు ఉబ్బి మూసుకోవడం మానేసింది.

కొటేషన్‌లో జీఎస్‌టీ కలిపారో లేదో కూడా అడగండి.