వైల్డ్‌క్యాట్ తూటా మోజులో పడేముందు లెక్క చూసుకోవడం ఎలా?

అమెరికాలో తూటాలు సొంతంగా నింపుకునే వేటగాళ్లకు ఒక పిచ్చి ఉంది. ఫ్యాక్టరీ తూటా ఇత్తడి కేసు (పేలుడు మందు నింపే గొట్టం) తీసుకుని, దాని మెడను చిన్న బుల్లెట్‌కు సరిపడేలా నొక్కి, ఎవరి దగ్గరా లేని తూటా తయారు చేయడం. ఇలా పుట్టినవాటినే వైల్డ్‌క్యాట్ అంటారు. పెద్ద కేసు, చిన్న బుల్లెట్, భయంకరమైన వేగం. దూరాన ఉన్న కొయోటీని (నక్కలాంటి జంతువు) కొట్టాలనుకునేవాడికి నోరూరించే మాటే. అందుకే రైఫిల్ ఆర్డర్ ఇచ్చేముందు ఈ లెక్కలు వేయండి.

1. కేసులో ఎంత పడుతుందో కొలవండి

ఒకసారి పేల్చిన కేసు తీసుకోండి. ప్రైమర్ (కేసు అడుగున మందుకు నిప్పు రాజేసే చిన్న బిళ్ల) పీకొద్దు, అడుగు చిల్లుకు అదే బిరడా. ఖాళీగా తూచి, అంచు దాకా నీళ్లు పోసి మళ్లీ తూచండి. ఆ తేడాను గ్రెయిన్లలో (తూటాల లెక్కల్లో వాడే చిన్న బరువు కొలత) రాసుకుని, బ్యారెల్ రంధ్రం వైశాల్యంతో భాగించండి. .22 బుల్లెట్లకు (అంటే సుమారు 0.22 అంగుళాల వెడల్పువి) ఆ వైశాల్యం 0.0394 చదరపు అంగుళాలు.

.22 బుల్లెట్ వాడే ఫ్యాక్టరీ తూటా .223 రెమింగ్టన్ కేసులో సుమారు 29 గ్రెయిన్ల నీళ్లు పడతాయి, అంటే 735 వస్తుంది. అదే బుల్లెట్ వాడే పెద్ద తూటా .22-250లో 44-45 గ్రెయిన్లు, అంటే 1,130 దాకా. నా లెక్కలో వెయ్యి దాటితే ‘ఓవర్‌బోర్’ కిందికే వస్తుంది, రంధ్రానికి మించిన మందు అన్నమాట.

ఇక పి.ఓ. ఆక్లీ అనే పేరున్న గన్‌స్మిత్ సరదాకి చేసినదొకటి ఉంది. ఏనుగుల్లాంటి భారీ జంతువుల కోసం వచ్చిన .378 వెదర్‌బీ కేసు మెడను .22కు కుదించాడు. చెవులు పగిలే మోత అనే అర్థం వచ్చేలా ‘ఇయర్‌గెస్‌ప్లిట్టెన్ లౌడెన్‌బూమర్’ అని ఉత్తుత్తి జర్మన్ పేరు పెట్టాడు. దానికి ఈ లెక్క 3,300 దాటుతుంది.

2. పెరిగిన మందుకు పెరిగిన వేగం ఎంతో చూడండి

లౌడెన్‌బూమర్‌తో సెకనుకు 5,000 అడుగుల వేగం దాటాలనుకున్నారు. 50 గ్రెయిన్ల బుల్లెట్‌తో 4,600 దగ్గర ఆగింది. అదే బరువు బుల్లెట్‌ను .22-250 సుమారు 3,800తో పంపుతుంది. కేసు మూడు రెట్లు పెద్దదైతే వేగం పెరిగింది ఐదోవంతు! మిగతా మందంతా వేడిగా, మోతగా పోయింది. మీరు చూస్తున్న వైల్డ్‌క్యాట్‌కూ ఇదే లెక్క కట్టండి. పైగా తేలికపాటి బుల్లెట్‌కు గాలి అడ్డు ఎక్కువ, ఆ పెరిగిన వేగాన్ని దారిలోనే పోగొట్టుకుంటుంది.

3. బ్యారెల్ ఆయువు సెకన్లలో లెక్కపెట్టండి

బుల్లెట్ బ్యారెల్లో ఉండేది ఒక మిల్లీసెకను, కొంచెం అటూఇటూ. వెయ్యి తూటాలకు పాడయ్యే బ్యారెల్ జీవితమంతా కలిపితే ఒకటిన్నర సెకను కూడా ఉండదు!

అరిగేది బ్యారెల్ పొడుగునా కాదు, కేసు మూతి దాటగానే ఉండే గొంతు దగ్గర. వందల తూటాలు పేలాక అక్కడికి బోర్‌స్కోప్ (గొట్టం లోపల చూసే సన్నటి పరికరం) దింపి చూడండి. ఎండాకాలం చెరువు అడుగులా నెర్రెలు విచ్చి ఉంటుంది. అంత మందు మంట అంత సన్నటి సందులోంచి తోసుకుపోతే ఉక్కు పైపొర ప్రతిసారీ వేడికి ఉబ్బి, చల్లారి పగులుతుంది. నెర్రెల అంచులు ఊడి గొంతు ముందుకు జరుగుతుంది, గురి చెదురుతుంది. సెకండ్‌హ్యాండ్ రైఫిల్ కొంటుంటే బోర్‌స్కోప్ లేకుండా డబ్బు తీయకండి.

4. తిరుగుడు వేగం చూడండి

సెకనుకు అడుగుల్లో ఉన్న వేగాన్ని 720తో గుణించి, బుల్లెట్‌ను తిప్పే బ్యారెల్ లోపలి మెలిక గాడి ఒక చుట్టు తిరగడానికి పట్టే అంగుళాలతో భాగించండి. నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. 4,600 వేగం, 8 అంగుళాల చుట్టు అయితే 4,14,000. పల్చటి తొడుగున్న బుల్లెట్లను 3 లక్షలు దాటాక నమ్మలేం. దారిలోనే బూడిదరంగు పొగలా విడిపోతాయి. మీరేమో గురి తప్పిందనుకుంటారు.

5. నింపుకునే ఖర్చు, ప్రమాదం

ఇక్కడ నేను మొహమాటం లేకుండా చెప్తాను. చాలా వైల్డ్‌క్యాట్‌లకు ప్రామాణిక కొలతలు ఉండవు, ల్యాబులో ఒత్తిడి కొలిచిన పట్టికలు ఉండవు. వేరేవాళ్ల రైఫిల్‌కు సరిపోయిన మందు మీ ఛాంబర్లో (తూటా కూర్చునే గది) దాన్ని వెనక మూసే బోల్టు బిగుసుకుపోయేలా చేయొచ్చు. మెడ బాగా కుదించినప్పుడు ఇత్తడి మందమవుతుంది. అది ఛాంబర్లో బిగుతుగా కూర్చుంటే బుల్లెట్‌ను వదలదు, ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. మెడ మందం మైక్రోమీటర్‌తో కొలవకుండా ఒక్కటీ పేల్చకండి. పోనీ మందు బాగా తగ్గిద్దాం అనుకోవద్దు. పెద్ద కేసులో నిదానంగా కాలే మందు మరీ తక్కువైతే అదీ ప్రమాదమే.

కేసు అడుగున ముద్ర మాత్రం పాత పేరే ఉంటుంది. తూటాల డబ్బా మీద, బ్యారెల్ మీద అసలు పేరు రాసిపెట్టండి.

6. అంగట్లో దొరికేదేదో చూసుకోండి

.22-250 కూడా ఒకప్పుడు వైల్డ్‌క్యాటే. 1965లో రెమింగ్టన్ దాన్ని సొంత తూటాగా తీసుకుంది. ఇప్పుడు తూటా, కేసు, డై (కేసుకు ఆకారమిచ్చే అచ్చు) అన్నీ షాపులోనే దొరుకుతాయి. నన్నడిగితే నూటికి తొంభై మందికి అది చాలు.

అయినా మనసు ఆగకపోతే రెండో బ్యారెల్ డబ్బు ముందే పక్కన పెట్టుకోండి. ప్రెయిరీ డాగ్‌ల (బొరియల్లో ఉండే చిన్న జంతువులు) మీద వరసబెట్టి కాల్చే పనికి ఈ రైఫిల్ తీయకండి. చెవులకు మఫ్‌లూ, లోపల ప్లగ్‌లూ రెండూ పెట్టుకోండి. మూడు నాలుగు తూటాలకోసారి బోల్టు తెరిచి, ఛాంబర్ ఖాళీ అని చూసుకుని, బ్యారెల్‌ను చేత్తో తాకండి. చెయ్యి ఉంచలేకపోతే రైఫిల్‌ను నీడలో పెట్టి, ఫ్లాస్కులో కాఫీ అయ్యేదాకా కూర్చోండి.