గల్ఫ్ బతుకును జ్ఞాపకాలుగా రాయడం ఎలా

నెల్లూరు జిల్లాలోని కావలి, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లి ఏళ్ల తరబడి పనిచేసి వచ్చినవారిలో చాలామంది, తమ అనుభవాన్ని రాయడానికి కూర్చోగానే విమానంతో మొదలుపెట్టి, ఎత్తైన భవనాల వర్ణనలో చిక్కుకుపోతారు. ఆ భవనాలను వారం రోజులు చూసి వచ్చినవారు కూడా వర్ణించగలరు. అక్కడ బతికినవారు మాత్రమే రాయగలిగినది రోజువారీ జీవితం కనుక, రచన దాని చుట్టూ నడవాలి.

ముందు ఆధారాలను సేకరించుకోవాలి. పాత పాస్‌పోర్టులోని ముద్రలు, గడువు తీరిన బతాకా (కువైట్ గుర్తింపు కార్డు), వాట్సాప్‌లో మిగిలిన మాటల సందేశాలు అన్నీ పనికివస్తాయి గాని, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనవి ఇంటికి డబ్బు పంపిన రసీదులు. వాటిని తేదీల వారీగా పేర్చి, ఏ నెల డబ్బు చెల్లెలి పెళ్లికి వెళ్లిందో, ఏ నెలది బోరు వేయడానికి ఖర్చయిందో, ఏ నెలలో జీతం అందక ఏమీ పంపలేకపోయారో పక్కన రాసుకుంటే, అధ్యాయాల క్రమం దాదాపు సిద్ధమైనట్లే. 1830-31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీలను, దారి వసతులను వెంటవెంటనే రాసిపెట్టుకున్నందువల్లే ఆయన గ్రంథం నేటికీ చరిత్రకారులకు ఆధారంగా నిలుస్తోంది.

“ఎండలు భరించలేనివి” అని రాసి వదిలేస్తే పాఠకునికి ఏమీ కనబడదు. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా ఆరుబయట పని నిషేధం. ఆ వేళల్లో మీరు ఎక్కడ కూర్చున్నారో, యజమాని ఆ నియమాన్ని పాటించాడో లేదో రాయండి. శుక్రవారం గదిలో చేపల పులుసు వండే వంతు ఎవరిదో, మామిడికాయ దొరకనప్పుడు అందులో ఏమి వేశారో, రాత్రి 9 గంటలకు ఫోన్ చేస్తే ఇక్కడ 11:30 అయి పిల్లలు నిద్రపోయి ఉండేవారన్న సంగతీ రాయండి. కథనం వ్యావహారికంలో సాగినా, గదిలోని మాటలను నెల్లూరు యాసలోనే ఉంచడం మంచిది.

చాలామంది దాటవేసేది అప్పు. ఏజెంటుకు ఎంత ఇచ్చారో, ఎంత వడ్డీకి తెచ్చారో, అది ఎప్పటికి తీరిందో చెప్పకపోతే ప్రయాణానికి కారణమే అందదు. నెల్లూరు రొట్టెల పండుగనాడు స్వర్ణాల చెరువులో ఉద్యోగం కోరుకుంటూ ఉద్యోగ రొట్టె పట్టుకుని వెళ్లినవారు, కోరిక తీరి రొట్టె వదలడానికి వచ్చేసరికి ఆ అప్పు ఎంత మిగిలి ఉందో కూడా చెబితే కథకు బలం వస్తుంది.

తోటివారి పేర్లు, ఊర్లు మార్చాలి. ముఖ్యంగా కాగితాలు సరిగా లేకుండా పనిచేసినవారి ఆనవాళ్లు బయటపడకూడదు. రాతప్రతిని అక్కడ పనిచేసిన ఒకరికీ, ఊరు దాటని మరొకరికీ చదివి వినిపించండి: మొదటివారు తప్పులు పట్టుకుంటారు, రెండవవారు అర్థంకాని చోట ఆపుతారు. తిరిగివచ్చాక గడిపిన మొదటి ఏడాదికి కూడా ఒక అధ్యాయం కేటాయించాలి.